వియ్యంకుల కరెంటు పంచాయితీ

పెండ్లయిన ఏడు మొదటి దసరాకు నేను పుట్టింట్లో ఉన్నాను. మా ఊరు జమ్మికుంట పక్కనే. మెట్టినిల్లు మంచిర్యాల అవతల బొగ్గుబాయిల కాలనీలో. పండుగకు మా ఆయన వచ్చాడు. పండుగ మర్నాడు నన్ను తీసుకుపోవడానికి అత్తమ్మ, మామ కూడా రైలు దిగారు. కొత్త వియ్యాలవారికి జరగవలసిన మర్యాదలన్నీ జరిగాయి. కోడిని కోశారు, కొత్త చాప పరిచారు, కాళ్లు కడుక్కోవడానికి ఇచ్చిన చెంబు కూడా చింతపండుతో తోమి తళతళలాడించారు. ఆ మర్యాద మధ్యాహ్నం దాకా చెక్కుచెదరలేదు. తరువాత మా బాపు వియ్యంకుణ్ణి మోటరు చూపించడానికి బావి దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ ఏడే బాపు బావికి కరెంటు మోటరు పెట్టించాడు. అంతకుముందు మోట లాగిన ఎద్దులు పనిలేక గడ్డివాము పక్కన పడుకుని పెద్దమనుషుల్లా నెమరు వేస్తుండేవి. మోటరు మీద ఎండ పడకుండా చిన్న గుడిసె వేయించాడు. దసరా నాడు దానికి పసుపుకుంకుమలు పెట్టి బంతిపూల దండ వేశాడు. ఇంటికి ఎవరు వచ్చినా మంచినీళ్లు తాగమనడానికి ముందు మోటరు చూడమనేవాడు.

మామ సంగతి వేరు. ఆయన బొగ్గుబాయి పవర్ హౌస్‌లో బాయిలర్ ముందు నిలబడి పారతో బొగ్గు వేసే మనిషి. ఆ సెగకు ఆయన కనుబొమలు ఎప్పుడూ సగమే మొలిచి ఉండేవి. అందువల్ల ముఖం దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేది గాని, నిజానికి ఆయన దేనికీ ఆశ్చర్యపోడు. కాలనీలో దీపాలు వెలిగితే తానే ఒక్కొక్కటీ ముట్టించినట్టు మురిసిపోయేవాడు. ఆరిపోతే ఎవరో తనను ముఖం మీద తిట్టినట్టు చిన్నబుచ్చుకునేవాడు.

బాపు మీట నొక్కాడు. మోటరు గుర్రుమంది. పైపులోంచి నీళ్లు ఎగిసి కాలువలో పడ్డాయి. మామ తల ఊపాడు.

"మంచిగున్నది బావా. మా బొగ్గు కష్టం ఊకెనె పోలే" అన్నాడు.

"బొగ్గేంది బావా?" అన్నాడు బాపు. "కరెంటు నీళ్లకెల్లి తీస్తరు గద! నిజాంసాగర్ల డ్యాం కాడ నీళ్లను మీదికెల్లి ఇడిస్తె కింద కరెంటు పుడుతదట."

మామ సగం కనుబొమలు పైకి లేచాయి. "నీళ్లు పోస్తె నిప్పు ఆరుతది బావా, పుట్టదు" అన్నాడు మెల్లగా.

అక్కడ మొదలైంది. మా దిక్కు వియ్యంకులు ఒకరి మాటను ఒకరు ముఖం మీద కొట్టేయరు. ఎంత కోపం వచ్చినా "బావా, బావా" అనుకుంటూనే ఉండాలి. మరి కొట్లాడాలని కడుపులో ఉబలాటం ఉంటే ఏం చేస్తారు? మధ్యలో ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ మధ్యలో మనిషిని నేను.

సాయంత్రం వాకిట్లో చెరొక మంచం మీద కూర్చున్నారు. నేను చాయ తెచ్చాను.

"బిడ్డా, మీ మామకు జర ఎక్కువ పొయ్యి" అన్నాడు బాపు. "నిప్పు కాడ నిలబడి నిలబడి నోరు ఎండుకపోయి ఉంటది."

"కోడలా, మీ బాపును అడుగు" అన్నాడు మామ. "గీ చాయ నిప్పుల మీద కాగిందా, చెర్ల ముంచితె కాగిందా?"

ఇద్దరూ నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి వంటింటి గడపలో నిలబడ్డ మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెమటలు పట్టాయి. "గీ కరెంటు మొఖం మండ! పిల్ల కాపురం మీదికి వచ్చేటట్టున్నది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన ఏ పక్కన మాట్లాడితే ఏం తప్పో తెలియక, ఎద్దుల దగ్గరికి పోయి వాటి కొమ్ములు నిమరసాగాడు.

పంచాయితీ తెంపింది మా అత్తమ్మ. ఆమె గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. భారీ విగ్రహం, ఇల్లంతా వినిపించే నవ్వు.

"వదినా, నువ్వెందుకు పరేషాన్ అయితవు?" అంది మా అవ్వతో. "గీల్లిద్దరిని గా డ్యాం కాడికే తోల్కపోదాం. కామారెడ్డిల మా చెల్లె ఉండనే ఉన్నది, ఆడ పండొచ్చు. కండ్లార సూసినంక ఎవలు ఓడితే వాల్లు వచ్చేటప్పుడు మూట మొయ్యాలె. ఏమంటవు అన్నా?"

వియ్యపురాలు "అన్నా" అని పిలిచి అడిగాక బాపు కాదనలేడు. మామకు కాదనే అలవాటు అంతకుముందే పోయింది. అత్తమ్మ ఇంత చొరవ ఎందుకు చూపిందో నాకు తరువాత తెలిసింది. నిజాంసాగర్‌లో చేపలు మనిషంత పొడుగుంటాయని ఆమెకు ఎవరో చెప్పారట.

అవ్వ బర్రెను, ఏరవలసిన పత్తిని వదిలి రానంది. మిగిలిన ఐదుగురం సద్దిమూట కట్టుకుని బయలుదేరాం. మూటలో జొన్నరొట్టెలు, సర్వపిండి, ఎల్లిపాయ కారం. కరీంనగర్‌లో కామారెడ్డి బస్సు ఎక్కాం. మామ డ్రైవర్ పక్కన ఇంజను మూత దగ్గరే కూర్చుంటానని పట్టుబట్టాడు. బాయిలర్ల దగ్గర పండిన చెవి కదా, సిరిసిల్ల దాటేదాకా తల వంచి ఇంజను చప్పుడే విన్నాడు. చివరికి డ్రైవర్ భుజం తట్టాడు.

"బిడ్డా, ఇంజను దగ్గుతున్నది. జర సూసుకో."

"ఇంజను కాదు పెద్దయ్యా, దగ్గింది నేను" అన్నాడు డ్రైవర్.

బస్సంతా నవ్వింది. బాపు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, పైపంచె అడ్డం పెట్టుకుని మర్యాదగా నవ్వుకున్నాడు.

ఆ బస్సులో ఆడవాళ్లం వెనుక, మగవాళ్లు ముందు. కరీంనగర్ నుంచి కామారెడ్డి దాకా నాకు మా ఆయన మెడ వెనుక భాగం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మాటకొస్తే పెండ్లయినప్పటి నుంచి నేను ఎక్కువగా చూసింది అదే. కాలనీలో మాది ఒక గది, ఒక వంటిల్లు. ఆయన బాయిలోకి దిగి, పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపే పని. ఆయన ఇంటికి వచ్చేసరికి నేను నీళ్ల కోసం నల్లా దగ్గర వరుసలో ఉండేదాన్ని. నేను వచ్చేసరికి ఆయన నిద్రపోయేవాడు. ఇద్దరం మేలుకుని ఉంటే అత్తమామలు కూడా మేలుకునే ఉండేవారు. "అన్నం పెట్టాలా", "పెట్టు", "ఉప్పు సరిపోయిందా", "సరిపోయింది". మా కాపురం మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండేది కాదు.

కామారెడ్డిలో అత్తమ్మ చెల్లెలింట్లో పడుకుని, పొద్దున్నే ఇంకో బస్సెక్కి నిజాంసాగర్ చేరాం.

బస్సు దిగి కట్ట మీదికి ఎక్కగానే గాలి మా మూటను, నా కొంగును, బాపు రుమాలును ఒకేసారి లాగింది. రాతికట్ట మీదే బండి పోయేంత రోడ్డు. ఒక పక్క చూపు ఆనినంత మేర నీళ్లు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, మంజీర నిండుగా వచ్చింది. అవతలి ఒడ్డున గుట్టలు నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడ్డట్టున్నాయి. రెండో పక్క తొంగిచూస్తే చాలా లోతు. ఆ లోతులో కాలువ, కాలువ వెంట పచ్చటి వరి. పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లు చెట్ల కింద జంపఖానాలు పరుచుకుని, ఫ్లాస్కుల్లోంచి చాయ వంచుకుంటున్నారు. ఒకాయన భార్యను గోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తూ, "ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు" అంటున్నాడు. ఆమె "ఇంకా ఇటు వస్తే మీ ఒళ్లో పడతాను" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వెంటనే గుట్టల వైపు చూశాడు.

బాపు ఒడ్డున మెట్లు దిగి, చెప్పులు విడిచి, దోసిట నీళ్లు తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. మోటరు పెట్టకముందు మా బావి ఎండాకాలం అడుగంటేది. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున ఒక మోటకు చాలేవి కావు. ఆ మనిషికి అన్ని నీళ్లు ఒక్కచోట కనిపిస్తే గుడికి పోయినట్టే ఉండి ఉంటుంది.

"గిన్ని నీళ్లు ఒక్క తాన ఉంటయా బావా!" అన్నాడు. మామ కూడా పందెం మరిచిపోయి, "ఉన్నయి గద బావా" అన్నాడు.

"నీళ్లు సరే, చేపలేవి?" అంది అత్తమ్మ.

ముందు పవర్ హౌస్ చూడాలన్నాడు బాపు. కట్ట దిగి కాలువ మొదటికి నడిచాం. కాలువలోకి నీళ్లు నురగలు కక్కుతూ వచ్చి పడుతున్నాయి. పక్కనే తెల్లసున్నం వేసిన పెద్ద కట్టడం. తలుపు దగ్గర నిలబడ్డ కావలి మనిషి లోపలికి పోవద్దన్నాడు. మామ "సరే" అని, కట్టడం చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. తల పైకెత్తి ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు.

"ఏమన్న పోయిందా పెద్దమనిషీ?" అడిగాడు కావలి మనిషి.

"పొగగొట్టం ఏడున్నది?"

"పొగగొట్టమా? లేదు."

"లేదంటె? పొగ ఏడికెల్లి పోతది?"

"పొగే లేదు."

మామ నమ్మలేదు. గోడకు అరచేయి ఆనించి చూశాడు. చల్లగా ఉంది. చెవి ఆనించాడు. లోపల ఏదో నిండుగా, ఆగకుండా తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు మాత్రం ఆయనకు తెలిసిందే. ముఖం మారింది.

ఈ గొడవకు లోపల డ్యూటీలో ఉన్న పడుచు ఆపరేటర్ బయటికి వచ్చాడు. మా మాట తీరు వినగానే, "మీది కరీంనగర్ దిక్కా? మాది గూడ" అని సంబరపడి, గుమ్మం దాకా రానిచ్చాడు. అక్కడి నుంచే యంత్రాలు చూపించాడు. మామ మాత్రం యంత్రాలు కాదు, ఆ పిలగాడి అంగీ చూస్తున్నాడు. తెల్లటి అంగీ. ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"బిడ్డా, గిది పనికి వచ్చినంక తొడిగినవా, పొద్దటి సంది గిదేనా?"

"పొద్దటి సంది గిదే."

మామ తన చేతులు చూసుకున్నాడు. ఎంత కడిగినా పోని మసి గోళ్ల సందుల్లో ఉంది. "మసి లేకుంట కరెంటు!" అన్నాడు. ఆ గొంతులో ఓడిపోయిన బాధకంటే, ఏదో అన్యాయం జరిగిపోయిందన్న దిగులు ఎక్కువగా వినిపించింది. నాకు మామ మీద జాలేసింది. బాపుకు మాత్రం ఇంకా వేయలేదు. ఆయన రుమాలు సర్దుకుని ముందుకొచ్చాడు.

"సారూ, జర గట్టిగ చెప్పుండ్రి, మా బావకు వినపడాలె. జమ్మికుంట కాడ మా బాయి మోటరుకు వచ్చేది గీ కరెంటే గద?"

"జమ్మికుంటనా?" ఆపరేటర్ తల గోక్కున్నాడు. "మీ దిక్కు లైను వేరే ఉంటది పెద్దయ్యా. అది గోదారి ఒడ్డుకెల్లి వస్తది. అది బొగ్గు కరెంటే."

బాపు మోటరుకు వేసిన బంతిపూల దండ నా కళ్ల ముందు కనిపించింది. మామ సగం కనుబొమలు నిదానంగా పైకి లేచి, అక్కడే ఆగిపోయాయి. అయితే బాపు కూడా మాటకు మాట వెతికే మనిషే.

"బావా, ఒక్క మాట. మీ బాయిలర్ల ఏం పోస్తరు?"

మామ అబద్ధం ఆడలేడు. "నీళ్లు" అన్నాడు. "నీళ్లు మరిగితె ఆవిరి, ఆవిరి చక్రాన్ని తిప్పుతది."

"గీడ గూడ చక్రమే" అన్నాడు ఆపరేటర్. "ఆవిరికి బదులు నీళ్లే తిప్పుతయి. గంతే ఫరక్."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకేముంది, నవ్వి కౌగలించుకుంటారనుకున్నాం. వియ్యంకులను మేమింకా తక్కువ అంచనా వేశాం. మర్యాద మళ్లీ పూనింది.

"నేనే ఓడిన బావా. పొగలేకుంట కరెంటు ఉన్నది. మూట నేను మోస్త" అన్నాడు మామ.

"గదెట్ల బావా? నా మోటరు నడిచేది మీ బొగ్గుతోని. ఓడింది నేను" అన్నాడు బాపు.

"మీరు పిల్లనిచ్చినోల్లు. మీతోని మూట మోపిస్తె మా కాలనీల నా ఇజ్జతు ఉంటదా?"

"మీరు పిలగానోల్లు. మీరు మోస్తె ఊర్ల నేను తలెత్తుకుంటనా?"

మూట ఇటు గుంజితే అటు, అటు గుంజితే ఇటు. గెలుపు కోసం మొదలైన పంచాయితీ ఓటమి కోసం ఇంకా గట్టిగా నడిచింది. అత్తమ్మ వాళ్లను అక్కడే వదిలేసి, మమ్మల్నిద్దరినీ తోలుకుని చేపలు పట్టేవాళ్ల దగ్గరికి నడిచింది.

ఒడ్డున ఒక ముసలాయన పుట్టి పక్కన కూర్చుని వల సరిచేస్తున్నాడు. పుట్టి అంటే తోలు కప్పిన పెద్ద గుండ్రటి గంప. అత్తమ్మ చేప అడిగింది. వల నీళ్లలో ఉందని, పోయి చూసి తెస్తానని ఆయన అన్నాడు. అత్తమ్మ పుట్టి వైపు చూసి, తన వైపు చూసుకుని, "నేనెక్కితె చేపలే గీ పుట్టిని తింటయి. మీరిద్దరు పోయి మంచిది సూసి తేండ్రి" అంది. అంటూ నా వైపు ఒక్క క్షణం చూసింది. ఆ చూపుతో నాకు కొంచెం సిగ్గేసింది.

పుట్టి ఒడ్డు విడిచాక ముసలాయన మాకు వీపు పెట్టి తెడ్డు వేయసాగాడు. పుట్టి ముందుకు పోతూనే గుండ్రంగా తిరుగుతుంది. ఒకసారి కట్ట కనిపించింది, ఒకసారి గుట్టలు, ఒకసారి ఒడ్డున మూట గుంజుకుంటున్న మా పెద్దలు. నాకు నవ్వు ఆగలేదు. పక్కకు చూస్తే మా ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో నా ముంజేయి పట్టుకున్నాడు. గాజులు నొక్కుకుపోయాయి.

"జర కండ్లు తెరువుండ్రి" అన్నాను.

"తెరువ."

"రోజు భూమిల దిగెటోల్లు మీరు. గీ నీళ్లకు భయపడుతరా?"

"బాయిల నాలుగు దిక్కుల గోడ ఉంటది" అన్నాడు కళ్లు తెరవకుండానే. "నెత్తి మీద కప్పు ఉంటది. చెయ్యి చాపితె ఏదో ఒకటి తగుల్తది. గీడ పట్టుకునెటందుకు ఏమున్నది?"

"నేనున్న గద, పట్టుకున్నరు గద" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది.

ఒక కన్ను తెరిచాడు. తరువాత రెండోది. కింద చీకటిలో దీపం ఆరిపోతే ఏం చేస్తారని అడిగాను. ఆరితే కదలకుండా కూర్చుని, ఎవరైనా వచ్చేదాకా పాటలు పాడుకుంటామన్నాడు. ఏ పాటలని అడిగాను. చెప్పనన్నాడు. ముసలాయన వెనక్కి తిరగకుండానే, "చెప్పు పిలగా, నేను గూడ వింట" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను చెరువు నడుమ, ఎవరూ లేనిచోట, పెండ్లయ్యాక మొదటిసారి గట్టిగా నవ్వాను. నాకు ఇష్టమైనదేమిటని ఆయన అడిగాడు. సర్వపిండి అన్నాను. అది కాదు, ఇంకేమన్నా అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను.

వలలో ఒక్కటే పడింది గాని అది చాలు. మనిషంత కాదు, మూడేళ్ల పిల్లంత ఉంది. ఒడ్డుకు తేగానే అత్తమ్మ దాన్ని ఎత్తి, మొప్పలు విప్పి చూసి, బిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుంది. అప్పటికి వియ్యంకులు కూడా మూటకు చెరొక కొస పట్టుకుని చేరారు.

"మూట నేను మోస్త" అంది అత్తమ్మ. "ఇద్దరు ఓడిండ్రు గద, మీరిద్దరు గిది మొయ్యుండ్రి."

చేపను ఒక కట్టెకు వేలాడదీసి, ఆ కట్టె ముందుకొస బాపు భుజాన, వెనుకకొస మామ భుజాన పెట్టింది. పల్లకి మోసినట్టు ఇద్దరూ బస్సు దాకా నడిచారు. బాపు పొట్టి, మామ పొడుగు. చేప జారి జారి బాపు వీపును తాకుతుంటే మామ వెనుక నుంచి, "తప్పయింది బావా" అంటున్నాడు. బాపు తిరగకుండానే, "ఏం కాదు బావా" అంటున్నాడు. కార్లలో వచ్చినవాళ్లు డ్యాంను వదిలేసి వీళ్లను ఫొటో తీశారు. కండక్టర్ చేపను లోపలికి రానివ్వక బస్సు పైకి ఎక్కించమన్నాడు. దానికి తోడుగా మా ఆయన పైకెక్కి కూర్చున్నాడు. ఆ రాత్రి కామారెడ్డిలో చింతపులుసు పెట్టి అత్తమ్మ వండిన చేపను, ఆ ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు కూడా తిన్నారు.

కాలనీకి తిరిగి వచ్చాక మామ వారం రోజులు ఎవరితోనూ ఏమీ అనలేదు. నేను భయపడ్డాను. తరువాత ఒకనాడు నల్లా దగ్గర నుంచి బిందెతో వస్తుంటే, మా అరుగు మీద పది మంది పనివాళ్లు కూర్చుని ఉన్నారు. మామ మధ్యలో నిలబడి, ఒక చేతిని నీళ్లలా పైనుంచి కిందికి దూకించి, రెండో చేతిని చక్రంలా తిప్పుతున్నాడు.

"అంగీ తెల్లగ ఉన్నదనుకో, గా పని అల్కగ ఉంటదనుకునేరు. చెవి ఉండాలె. చప్పుడు వినాలె. మనసొంటోడు పోతె ఒక్కనాడు నేర్చుకుంటడు" అంటున్నాడు.

మరుసటి దసరాకు కాలనీ నుంచి లారీ మాట్లాడుకుని చాలా కుటుంబాలు నిజాంసాగర్‌కు బయలుదేరాయి. నాకు అప్పుడు నెలలు నిండుతున్నాయని నన్ను పోనివ్వలేదు. మా ఆయన కూడా పోలేదు. లారీ కదిలేముందు మామ డ్రైవర్ పక్క సీట్లోంచి తల బయటికి పెట్టి, వెనుక ఎక్కినవాళ్లకు గట్టిగా చెప్పాడు: "ఆడికి పోయి పొగగొట్టం ఏడున్నదని అడిగి నా ఇజ్జతు తియ్యకుండ్రి!"